ఫోను ఎవరి చేతిలో ఉంది, జబ్బు ఎవరి ఒంట్లో ఉంది?

(పర్చూరు మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం వీఓఏ చేసిన ప్రసంగం. సభ్యులు కోరినందున ఇక్కడ అచ్చు వేస్తున్నాము.)



మిరపకాయ కోతల రోజులు. ఒక పూట కూలి పోగొట్టుకుని వచ్చి కూర్చున్నారు మీరు. ఆ కూలికి తగ్గ మాట నేను చెప్పాలి. నేను డాక్టరమ్మను కాదు. చదివింది పదో తరగతి. వీఓఏ పని కాబట్టి పొద్దస్తమానం ఫోను చేతిలో ఉంటది. "ఇంటర్నెట్‌లో ఆరోగ్యం గురించి ఎవరు చూస్తున్నారు, ఎవరికి ఉపయోగపడుతోంది" అనే విషయం మీద మాట్లాడమన్నారు. నేను చూసింది, తెలుసుకుంది చెబుతాను.

ముందు ఒక మాట అడుగుతాను. మీ ఇంట్లో టచ్ ఫోను ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి. (దాదాపు అందరూ చేతులు ఎత్తారు.) సరే. ఆ ఫోను మీదే, తాళం మీకొక్కరికే తెలుసు అనేవాళ్ళు ఎత్తిన చెయ్యి అట్టాగే ఉంచండి. మిగతావాళ్ళు దించండి. (నవ్వులు.) చూశారా, ఎన్ని చేతులు దిగిపోయాయో! నేను చెప్పదలచింది సగం మీరే చెప్పారు.

ప్రభుత్వం లెక్క కూడా ఇదే చెబుతోంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వాళ్ళు 2019లో మన రాష్ట్రంలో ఇంటింటికీ తిరిగి, "ఎప్పుడైనా ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడారా" అని అడిగారు. మగవాళ్ళలో నూటికి 49 మంది దాకా వాడామన్నారు. ఆడవాళ్ళలో నూటికి 21 మంది. పల్లెటూళ్ళు మాత్రమే తీసుకుంటే ఆడవాళ్ళ లెక్క ఇంకా తక్కువ, 15 మంది. దేశం మొత్తం మీద ఆడవాళ్ళ లెక్క 33. అంటే ఇన్ని లక్షల పొదుపు సంఘాలున్న మన రాష్ట్రం ఈ విషయంలో దేశం కన్నా వెనకబడి ఉంది. ఆ తర్వాత ఫోన్లు చాలా పెరిగాయి, కాదనను. ఫోను ఇంట్లోకి వచ్చింది. మన చేతిలోకి వచ్చిందా అన్నదే ప్రశ్న.

అమెరికాలో ప్యూ అనే పరిశోధనా సంస్థ 2012లో ఇదే విషయం మీద సర్వే చేసింది. అక్కడ జబ్బుల గురించి నెట్‌లో వెదకడంలో మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళే ముందున్నారట. వెదికిన వాటిల్లో సగం దాకా తమ కోసం కాదు, ఇంకొకరి కోసం. మనకి ఇందులో వింతేముంది? పిల్లాడికి జ్వరమొస్తే రాత్రంతా కూర్చునేది ఎవరు? అత్తగారి షుగర్ బిళ్ళ గుర్తుపెట్టుకునేది ఎవరు? మనమే. అక్కడ జబ్బు చూసుకునే మనిషి చేతిలోనే ఫోను ఉంది. ఇక్కడ జబ్బు మన దగ్గర, ఫోను ఇంకొకరి దగ్గర. మధ్యలో ఒక గడప ఉంది. పిల్లాడి జ్వరం ఆ గడప దాటుద్ది. అత్తగారి షుగర్ దాటుద్ది. మన తెల్లబట్ట, మన నెలసరి, మన రొమ్ములో గడ్డ, మన దిగులు, ఇవి మాత్రం దాటవు.

ఒక సంగతి చెబుతాను. ఏ ఊరో, ఎవరో చెప్పను. ఆ అక్కే చెప్పమంది కాబట్టి చెబుతున్నాను.

ఒక గ్రూపు మీటింగులో ఆ అక్క నలభై వేలు అప్పు అడిగింది. ఎందుకంటే "ఇంటి ఖర్చులకి" అంది. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి. మొగుడు మంచివాడు, తాగుడు లేదు. ఇంటి ఖర్చు ఏముందా అని నాకు అనుమానం వచ్చింది. మీటింగు అయ్యాక పక్కకు తీసుకుపోయి, "ఏందక్కా సంగతి" అన్నాను. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆరు నెలల నుంచి ముట్టు ఎక్కువగా అవుతోంది, తెల్లబట్ట అవుతోంది, పత్తి తీతకు పోతే నడుం నిలవటం లేదు. ఊళ్ళో సూదులు వేసే ఆయనకి చెబితే "గర్భసంచి పాడైపోయింది, ఉంచితే క్యాన్సర్ అవుద్ది, తీయించుకో" అన్నాడట. ఏ ఆసుపత్రికి పోవాలో కూడా ఆయనే చెప్పాడు.

"ఇంట్లో ఫోను ఉంది గదా, చూసుకోలేదా" అన్నాను. ఆమె చెప్పిన మాట నేను మర్చిపోలేను. "ఫోను పెద్దోడి దగ్గర ఉంటది. వాడు ఇంటరు. నేను నోటితో చెబితే వాడు అందులో వెదికిపెడతాడు. కన్నకొడుకుతో ఇది ఎట్టా చెప్పమంటావు?"

నెట్ ఉంది. ఫోను ఉంది. చదువుకున్న కొడుకు ఉన్నాడు. అన్నీ ఉండి కూడా ఆమెకి ఏమీ లేదు.

మర్నాడు విలేజ్ క్లినిక్‌కి తీసుకెళ్ళాను. అక్కడున్న సీహెచ్‌ఓ అమ్మాయి బీపీ చూసింది, రక్తం చూసింది. రక్తం బాగా తక్కువగా ఉంది. ఈ-సంజీవనిలో డాక్టరమ్మను కలిపింది. ఫోనులో డాక్టరమ్మ కనిపిస్తుంటే ఆ అక్క కొంగు సర్దుకుని మొత్తం చెప్పుకుంది. ఆమె ఏ మందూ గట్టిగా చెప్పలేదు. "ఇది ఫోనులో తేలేది కాదమ్మా. రక్తానికి బిళ్ళలు రాస్తాను. స్కానింగు తీయించి, లోపల పరీక్ష చేయించుకోవాలి" అని ప్రభుత్వ ఆసుపత్రికి రాసింది. పోయాం. చిన్న గడ్డ ఉంది, క్యాన్సర్ లక్షణాలు లేవన్నారు. మందులు ఇచ్చి, ఆరు నెలలకి మళ్ళీ రమ్మన్నారు. నలభై వేలు అప్పు అవసరం రాలేదు. ఆ అక్క ఇవ్వాళ ఇక్కడే, మీ మధ్యలోనే కూర్చుని ఉంది. వెదకమాకండి. (నవ్వులు.)

ఇది ఒక్క మనిషి కథ కాదు. 15 ఏళ్ళ నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశంలో నూటికి ముగ్గురు. మన ఆంధ్రలో దాదాపు తొమ్మిది మంది. దేశంలో అన్ని రాష్ట్రాల కన్నా మనమే ఎక్కువ. మన గర్భసంచులు దేశంలో అందరికన్నా మూడింతలు చెడిపోయాయా? ఒక మాట అడిగి తెలుసుకునే దారి లేక పోగొట్టుకున్నవాళ్ళు అందులో ఎంతమందో. అవసరం లేని ఈ ఆపరేషన్ల మీద కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో కోర్టు చెప్పింది.

తీయాల్సిన జబ్బులు కూడా ఉన్నాయి. ముట్టు ఆగిపోయాక మళ్ళీ రక్తం కనపడితే ఒక్క రోజు కూడా ఆగకూడదు. అయితే తీయించుకునే ముందు ఈ మూడు ప్రశ్నలు అడగండి. మొదటిది: నా జబ్బు పేరేంటి, ఏ పరీక్షలో తేలింది? రెండోది: మందులతో తగ్గే దారి ఉందా, కొన్నాళ్ళు చూడొచ్చా? మూడోది: తీసేస్తే తర్వాత నా ఒంటికి ఏమవుద్ది, అండాశయాలు ఉంచుతారా, తీస్తారా? అవి కూడా తీస్తే చిన్న వయసులోనే ముట్లుడిగినట్టయి, ఎముకలు బలహీనపడతాయి. ఈ మూడిటికీ జవాబు వచ్చాక ఇంకో డాక్టరుని కూడా అడగండి. క్యాన్సర్ అనే మాట పరీక్ష కాగితం లేకుండా ఎవరు చెప్పినా నమ్మవద్దు.

ఇప్పుడు మళ్ళీ ఈ-సంజీవని దగ్గరికి వస్తాను. 2019 నవంబరులో విలేజ్ క్లినిక్కుల నుంచి పెద్ద డాక్టర్లను ఫోనులో కలిపే ఈ పద్ధతిని దేశంలో మొట్టమొదట మొదలుపెట్టింది మన రాష్ట్రమే. 2023 ఫిబ్రవరికి దేశమంతా కలిపి 10 కోట్ల సార్లు జనం ఇందులో డాక్టర్లతో మాట్లాడారు. అందులో 3 కోట్ల 17 లక్షలు మన ఆంధ్రవి. అన్ని రాష్ట్రాల్లోకీ మనదే మొదటి స్థానం. దేశం మొత్తం మీద ఇందులో చూపించుకున్నవాళ్ళలో నూటికి 57 మందికి పైగా ఆడవాళ్ళే.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. ఇంటర్నెట్ వాడామన్న ఆడవాళ్ళు మన రాష్ట్రంలో నూటికి 21 మంది. అదే ఇంటర్నెట్ మీద నడిచే డాక్టరు దగ్గరికి మాత్రం మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళే ఎక్కువ వచ్చారు. ఎట్టా?

మధ్యలో ఒక మనిషి ఉంది కాబట్టి. ఫోను పట్టుకుని, బటను నొక్కి, "చెప్పక్కా, డాక్టరమ్మ వింటోంది" అనే ఒక ఆడమనిషి ఉంది. సీహెచ్‌ఓ కావచ్చు, ఏఎన్ఎం కావచ్చు, వెంటబెట్టుకొచ్చిన ఆశా కావచ్చు. మనకి కావలసింది ఫోను ఒక్కటే అనుకుంటే పొరపాటు. నమ్మకమైన మనిషి పక్కన ఉంటే, మనం నెట్ దాకా పోతాం. నేను ఇవ్వాళ చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే.

ఆ మనిషి లేనప్పుడు ఏమవుద్దో కరోనా రోజుల్లో చూశాం. 2021 ఏప్రిల్ 28 నుంచి 18 నుంచి 44 ఏళ్ళ వాళ్ళు టీకా కోసం కోవిన్‌లో పేరు ఎక్కించుకోవాలన్నారు. ఫోను కావాలి, ఓటీపీ రావాలి, స్లాటు దొరకాలి. ఫోను లేని పల్లెటూరి వాళ్ళ సంగతేంటని సుప్రీంకోర్టే ఆ నెల రోజుల్లో అడిగింది. తర్వాత నేరుగా వచ్చినవాళ్ళకి కూడా వేయమని మార్చారు.

మనిషి లేకుండా ఫోను ఒక్కటే ఉంటే జరిగే నష్టం ఇంకొకటి ఉంది. అది మా ఇంట్లోనే జరిగింది.

మా మరిది మిరప చేలో మందు కొట్టడానికి పోయాడు. తైవాన్ పంపు, మధ్యాహ్నం ఎండ, ఎదురుగాలి. మూతికి గుడ్డ కూడా కట్టుకోలేదు. సాయంత్రానికి చెమటలు, నోట్లో చొంగ, కళ్ళు మసకలు. మా అబ్బాయి వెంటనే ఫోను తీసి వెదికాడు. ఎవరో ఒకాయన వీడియోలో "మజ్జిగ తాగించండి, ఉప్పునీళ్ళు తాగించి కక్కించండి" అని చెబుతున్నాడు. లక్షల మంది చూశారని కింద రాసుంది. వాడు నమ్మాడు. నేనూ నమ్మాను. మజ్జిగ తాగించాం, ఉప్పునీళ్ళు తాగించాం. గంటకు పైనే పోయింది. ఆ తర్వాత 108కి చేశాం. ఆసుపత్రిలో డాక్టరు గారు అడిగిన మొదటి మాట, "ఏ మందు? డబ్బా తెచ్చారా?" మేము తేలేదు. డబ్బా చేలో ఉంది. మళ్ళీ మనిషిని పంపించి ఫొటో తీయించి తెప్పించాం. ఐదు రోజులు ఐసీయూలో ఉండి బతికాడు. దేవుడి దయ. ఆ గంట మాత్రం నా గుండెల్లో అట్టాగే ఉంది.

చేయాల్సింది ఏమిటంటే, మనిషిని చేలోంచి గాలి తగిలే చోటికి తేవాలి. ఒంటి మీద బట్టలు తీసేసి సబ్బునీళ్ళతో కడగాలి. కక్కించకూడదు. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. వెంటనే 108. డబ్బా వెంట తీసుకుపోవాలి, లేదా దాని మీద కాగితాన్ని ఫొటో తీసుకోవాలి. ఆ కాగితం మీదే విరుగుడు మందు పేరు కూడా ఉంటది. డబ్బా మీద రంగు త్రికోణం ఉంటది. ఎరుపు అన్నిటికన్నా ఘోరమైన విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉన్నా విషం విషమే. చూశారా, అదే ఫోను. వీడియో చూడటానికి వాడితే గంట పోయింది. 108కి చేయటానికీ, డబ్బా ఫొటో తీయటానికీ వాడితే ఆ గంట మిగిలేది.

అందుకే ఒక గీత గీసుకుందాం. గుండె నొప్పి, పాము కాటు, పురుగు మందు, మూర్ఛ, మూతి వంకర పోవడం, కాలు చెయ్యి పడిపోవడం, కడుపుతో ఉన్న మనిషికి రక్తం పోవడం, ఫిట్స్ రావడం. వీటికి ఫోనులో వెదకడం లేదు. 108 ఒక్కటే. మిగతా వాటికి వెదకవచ్చు. వెదికింది పట్టుకుని డాక్టరు దగ్గరికి ప్రశ్నగా పోవాలి. అదే మందు అనుకోకూడదు. షుగర్ బిళ్ళలు మానేసి ఈ కషాయం తాగండి అని వాట్సాప్‌లో వస్తే, ఇంకో పది మందికి పంపకుండా ముందు ఏఎన్ఎం అమ్మాయికి చూపించండి. ఆరోగ్య కార్డు ఇస్తాం, ఆపరేషన్ డబ్బులు వేస్తాం, ఓటీపీ చెప్పండి అని ఎవరైనా ఫోను చేస్తే పెట్టేయండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి.

ఇంకొక సంగతి. మన పక్కన కూర్చునే మనిషి ఎంత మంచిదైనా, మన వీధిలో మనిషే. కొన్ని మాటలు ఆమె ముందు కూడా రావు. మనసులో దిగులు ఉంది, చచ్చిపోవాలనిపిస్తోంది అని ఆశా అక్క ముందు ఎంతమంది చెప్పగలరు? మిరప ధర పడిపోయిన ఏడు, కౌలు అప్పు నెత్తిన ఉన్న ఏడు, ఆ మాట మన ఇళ్ళల్లో ఎన్ని రాత్రులు తిరుగుద్దో మనకి తెలుసు. దానికి 14416 అని ఒక నంబరు ఉంది. టెలి మానస్ అంటారు. 2022 అక్టోబరు 10న మొదలైంది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడతారు. నెట్ అక్కర్లేదు, బటన్ల ఫోను చాలు. ఆ నంబరు మీ గ్రూపు పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. మీ మొగుళ్ళకి కూడా చెప్పండి.

ఇలాంటి వాటి కోసమే ఆడమనిషికి తన ఫోను తనకి ఉండాలి. ఇప్పుడు అందరికీ 14 అంకెల ఆభా నంబరు ఇస్తున్నారు. మన పరీక్షలు, మందుల చీటీలు అందులోకి చేరతాయి. మంచిదే. అయితే మీ ఆధార్‌కి ఎవరి ఫోను నంబరు ఇచ్చారు? ఇంటాయనదా, కొడుకుదా? అట్టయితే ఓటీపీ వాళ్ళకి పోద్ది, మీ జబ్బు కాగితం తెరిచే తాళం చెవి వాళ్ళ దగ్గర ఉంటది. నా మాట విని ఒకసారి సచివాలయానికి పోయి మీ సొంత నంబరు వేయించుకోండి.

చివరగా మూడు కోరికలు సమాఖ్య ముందు పెడుతున్నాను.

ఒకటి. ప్రతి గ్రూపు మీటింగులో పొదుపు, అప్పుల లెక్క అయ్యాక పది నిమిషాలు ఆరోగ్యానికి ఇవ్వాలి. అప్పు అడిగిన మనిషి "ఇంటి ఖర్చు" అంటే, పుస్తకంలో అట్టాగే రాసుకుని, తర్వాత ఒకరు పక్కకి పిలిచి "ఏం అక్కా" అని ఒక్క మాట అడగాలి. మన దగ్గర అప్పుల వెనక ఎన్ని జబ్బులు దాక్కున్నాయో మనకన్నా ఏ సర్వే వాళ్ళకీ తెలియదు.

రెండు. ప్రతి గ్రూపులో ఫోను బాగా తెలిసిన ఒక మనిషిని ఎంచుకోవాలి. కోడలు పిల్ల అయినా సరే. ఆమె చేయాల్సినవి మూడే. అడిగినవాళ్ళ మాట బయటికి పోనివ్వకూడదు. తనే మందు చెప్పకూడదు. అవసరమైతే క్లినిక్ దాకా వెంట పోవాలి. మూడిట్లో మొదటిది తప్పితే ఆమెని మార్చేయాలి, మొహమాటం లేకుండా.

మూడు. గ్రూపు అప్పుతో గేదెలు కొన్నాం, కుట్టు మిషన్లు కొన్నాం, కౌలుకి పొలాలు తీసుకున్నాం. కావలసినవాళ్ళకి ఫోనుకి కూడా అప్పు ఇద్దాం. సిమ్ము ఆమె పేరు మీద, తాళం ఆమె వేలి మీద. వాయిదాలు కట్టేది ఆమె కాబట్టి, "నా ఫోను" అనే హక్కు కూడా ఆమెదే.

పొదుపు మొదలుపెట్టిన రోజుల్లో వారానికి ఒకటి రెండు రూపాయలు దాచి, ఆ పుస్తకాన్ని బియ్యం డబ్బాలో పెట్టుకున్నాం. మొగుడికి కనపడకుండా కాదు, మన పేరు మీద ఒకటి ఉండాలని. ఇవ్వాళ మన ఒంటి సంగతి కూడా అట్టాగే మన పేరు మీద, మన చేతిలో ఉండాలని కోరుకుంటున్నాను.

ఇంటికి పోయి ఫోను ఎవరి దగ్గర ఉన్నా సరే, ఒక్కసారి అడిగి తీసుకోండి. 108, 14416 నంబర్లు మీ చేత్తో అందులో ఎక్కించండి. అక్కడ మొదలుపెడదాం.